గోంగూరకు 14 గంటల పగలు

మినియాపొలిస్‌లో డిసెంబరు సూర్యుడు నడిమధ్యాహ్నం కూడా 21, 22 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. దక్షిణపు కిటికీలో పెడితే చాలని ఇక్కడి తెలుగువాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటాం గానీ, ఆ వెలుగుకు కరివేపాకు ప్రాణం నిలుపుకుంటుందంతే, చిగురు వేయదు.

అందుకని లైటు కొనాల్సిందే. పెట్టె మీద '1000 వాట్లకు సమానం' అని రాసి ఉంటే నమ్మకండి, నిజంగా ఎంత కరెంటు లాగుతుందో వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. ల్యూమెన్లు కూడా మనిషి కంటికి వేసిన లెక్కే. మొక్క సంగతి తేల్చేది పీపీఎఫ్‌డీ, అంటే ఆకుకు పనికొచ్చే కాంతి సెకనుకు చదరపు మీటరు మీద ఎంత పడుతోందన్నది. ఆకుకూరలకు 200 మైక్రోమోల్స్ ఉంటే బాగానే వస్తాయి. ఎరుపు, నీలం కలిసిన గులాబీ లైట్లతోనూ పెరుగుతాయి, కాదనను. కానీ హాలంతా రికార్డింగ్ డాన్సు స్టేజీలా ఉంటుంది, పైగా ఆకు పండిందో, పురుగు పట్టిందో ఆ రంగులో కనబడి చావదు. తెల్ల ఎల్‌ఈడీయే నయం.

మంచి లైటైనా మూరెడు దాటి పైకి కడితే దండగ. ఆకులకు జానెడున్నర ఎత్తులో మొదలుపెట్టి చూడండి. కాడ సన్నగా సాగిందంటే లైటు దూరమైనట్టు, పై ఆకులు తెల్లబారితే దగ్గరైనట్టు. గొలుసుతో వేలాడదీస్తే మొక్కతో పాటు పైకి జరుపుకోవచ్చు.

"మొక్కలక్కూడా కరెంటు బిల్లేంట్రా?" అంటుంది అమ్మ ఫోనులో. 40 వాట్ల లైటు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 17 యూనిట్లు. అమ్మకు అదీ ఎక్కువే.

ఆ 14 గంటలు ఊరికే పెట్టింది కాదు. పగలు కురచైతే గోంగూర పూతకు వస్తుంది, ఆకు తగ్గిపోతుంది. టైమరు పెట్టి పగలు సాగదీస్తే చలికాలమంతా ఆకే. కొత్తిమీరది పూర్తిగా ఎదురు తత్వం. పొడుగు పగలు చూపిస్తే ఆకు మానేసి పూతకు తొందరపడుతుంది. రెంటినీ ఒకే లైటు కింద పెట్టి ఇద్దరినీ మెప్పించలేం. కొత్తిమీరను చల్లటి కిటికీలోకి మార్చాను. ఆకు పలచగా వస్తోంది, చారుకు సరిపోతోంది, పచ్చడికి మాత్రం ఇండియన్ షాపుకు వెళ్లాల్సిందే.