కొళత్తూరులో ఒక చెయ్యి

చెన్నైలో కొళత్తూరు అంటే రంగు చేపలు. వాటి మీద ఏదైనా రాసుకురమ్మని ఎడిటర్ గారు పంపారు. ఇంటి వెనక సిమెంటు తొట్లు, ముందు గదిలో గాజు తొట్లు. రంగుల సంగతి ఇంకెవరైనా రాస్తారు. నేను మాత్రం ఒక దుకాణంలో పెద్దాయన చేతిని చూస్తూ ఉండిపోయాను. తాతల నాడు నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం ఆయనది.

ప్రతి తొట్టిలోనూ ముందు మణికట్టు దాకా చెయ్యి ముంచుతాడు, ఆ తర్వాతే థర్మామీటర్ చూస్తాడు. "చెయ్యి అబద్ధం చెప్పే రోజులుంటాయి సార్" అన్నాడు. కొత్త నీళ్లు పోసేటప్పుడు ఒక చెయ్యి తొట్టిలో, ఒకటి బకెట్లో. రెండూ ఒకేలా తగిలేదాకా మగ్గు ఎత్తడు. అంతకు ముందే హీటర్ ప్లగ్ పీకేస్తాడు. కాలుతున్న గొట్టం నీళ్లలోంచి బయటపడితే గాజు పగులుతుంది.

ఇంతలో హైదరాబాదు నుంచి ఫోను. ఏంజెల్ చేపలు అడుగున పడి ఉన్నాయట, ఒంటినిండా తెల్ల చుక్కలట. ఈయన మందు పేరు చెప్పలేదు. "రాత్రి ఏసీ వేస్తారామ్మా? పొద్దున ఆపేస్తారా?" రెండింటికీ అవుననే జవాబు. ఫోను పెట్టేసి నా మీద విసుక్కున్నాడు: "లైట్లకు వేలు పోస్తారు, రాళ్లకు పోస్తారు. థర్మామీటర్ తీసుకోమంటే, అదెందుకంటారు!"

ఆ విసుగు నాకూ అంటుకుంది. చేపకు సొంత ఒంటివేడి ఉండదు, నీళ్లెంతో అదీ అంతే. ఏంజెల్‌కు 24 నుంచి 28 డిగ్రీలు. అందులో 25 అయినా 27 అయినా ఒకటే. రోజూ దిగుతూ ఎక్కుతూ ఉంటేనే నీరసించి రోగానికి లొంగుతుంది. నీళ్లు ఎంత తక్కువైతే ఆ ఊగిసలాట అంత ఎక్కువ. అయినా బల్ల మీద అందంగా ఉంటుందని చిన్న గాజు గిన్నెలే అంటగడతారు. చలికి లీటరుకు ఒక వాట్ చొప్పున హీటర్ చాలు. వేసవిలో నీటి మీదుగా ఫ్యాన్ గాలి పోనివ్వాలి. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ నిలుస్తుంది, 30 దగ్గర ఏడున్నరే. చేపకు ఊపిరి ఎక్కువ కావలసిందీ అప్పుడే. ఐసు ముక్కలు గుమ్మరించేవాళ్లను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ వాళ్లకు ఇవన్నీ చెప్పిందెవరు? అమ్మేటప్పుడు చెప్పాల్సిన మాట కదా!

నేనుండగానే ఒక కుర్రాడు గోల్డ్‌ఫిష్ జత, డిస్కస్ జత ఒకే తొట్టిలోకి కావాలన్నాడు. ఒకటి 20 దగ్గర హాయిగా ఉండేది, రెండోదానికి 28 అయినా ఉండాలి. పెద్దాయన ఇవ్వనన్నాడు. కుర్రాడు పక్క దుకాణానికి వెళ్లాడు. అక్కడ రెండు జతలూ ఇచ్చారు. హీటర్ కూడా అమ్మారు.