అంకుల్ అని పిలిచింది నేను కాదు

జూన్ 10, 2025, మంగళవారం, రాత్రి

పొద్దున పదకొండింటికి మెడికల్ షాపులో బిల్లులు కొడుతుంటే పాత కొలీగ్ నంబరు నుంచి వాట్సాప్‌లో మెసేజ్. పొరపాటున నీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది, కాస్త పంపవా అని. డీపీలో వాళ్ల పాప ఫొటో. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. ఆలోచించకుండా పంపేశాను. రెండు నిమిషాలకే నా ఫోన్లో వాట్సాప్ లాగౌట్ అయిపోయింది. నెట్ పోయిందనుకుని పక్కన పెట్టాను. రెండున్నరకి చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, నీకంత అర్జెంటుగా డబ్బెందుకు?" అని అడిగేదాకా నాకేమీ తెలియలేదు.

ఆ కొలీగ్ అకౌంటు నిన్న రాత్రే పోయిందట. ఆవిడ బొమ్మ చూసి నేను నమ్మాను. నా బొమ్మ చూసి నావాళ్లు నమ్మాలి, అదే ఆ దొంగ లెక్క.

సాయంత్రం నా నంబరు మళ్లీ కొట్టి, సిమ్‌కి వచ్చిన కోడ్ వేశాను. సరైన కోడ్ పడగానే అవతలివాడు బయటికి పోతాడు. కానీ ఈలోపే రెండో తాళంగా వాడు ఒక పిన్ పెట్టేశాడు. ఆ పిన్ తెలియకపోతే ఏడు రోజులు ఆగాలని వచ్చింది. ఇప్పుడు లోపల వాడూ లేడు, నేనూ లేను. నా పేరూ నా ఫొటో మాత్రం అక్కడే ఉన్నాయి.

చాలామంది అనుమానపడి నాకు ఫోన్ చేశారు. పెదనాన్న చేయలేదు. పదిహేను వేలు పంపేశాడు.

జూన్ 11, బుధవారం

ఏరువాక పున్నమి. షాపుకి సెలవు పెట్టి మొదటి బస్సుకే ఊరెళ్లాను. నిన్న రాత్రే పెదనాన్న చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకి, యూపీఐ లావాదేవీ నంబరెంత అని అడిగి ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు ఆ ఖాతాలోంచి ఇంకో ఖాతాకి దాటకముందే చెబితే ఆపే వీలుంటుంది. మేం చెప్పేసరికి పంపి ఆరుగంటలు దాటింది. అవి దమ్ముకీ నాట్లకీ తీసిపెట్టుకున్న డబ్బులు.

అరుగు మీద కూర్చుని పెదనాన్న ఫోన్లో ఆ మెసేజ్ చదివాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "అంకుల్, అర్జెంటుగా పదిహేను వేలు కావాలి. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను. ఫోన్ చేయకండి, పనిలో ఉన్నాను." పైన గుండ్రంగా నా ఫొటో, గృహప్రవేశం నాటి ఆకుపచ్చ చీరలో.

"నేనెప్పుడైనా నిన్ను అంకుల్ అన్నానా పెదనాన్నా?"

"అనలేదమ్మా. టౌన్లో ఉంటున్నావు, అలవాటైపోయిందేమో అనుకున్నా."

"ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"చేయొద్దన్నావుగా. నువ్వెప్పుడూ అదేగా అనేది, షాపులో ఉన్నాను, మెసేజ్ పెట్టు అని."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడంతే. వేలితో పైకి జరిపి చూశాను. దొంగ మెసేజ్‌కి పైన వరసగా నావే. "షాపులో ఉన్నా, తర్వాత చేస్తా." మే 28న ఒకటి, మే 19న ఒకటి, ఉగాది మర్నాడు ఇంకొకటి. తర్వాత చేసినట్టు ఎక్కడా లేదు. వాడికి ఈ పాత మాటలు కనపడే అవకాశమే లేదు. అవి నా ఫోన్లోనూ పెదనాన్న ఫోన్లోనూ ఉంటాయిగానీ, కొత్త ఫోన్లో అకౌంటు తెరిచినవాడికి రావు. వాడికి దొరికింది మా చుట్టాల గ్రూపులో ఉన్న నంబర్లే. అందుకే మగవాళ్లందరికీ అంకుల్, ఆడవాళ్లందరికీ ఆంటీ. అంతా ఊహించే రాశాడు. ఊహించినా, ఆ ఒక్క పిలుపు తప్ప సరిగ్గా నాలాగే రాశాడు.

తిరుగు బస్సులో అదే తలుచుకుంటూ వచ్చాను. నాన్న పోయాక నా ఫీజులు కట్టినవాడు, పరీక్షలకి సైకిలెక్కించుకుని పెనుగొండ తీసుకెళ్లినవాడు. ఆయనకి నా గొంతు ఎంత దూరమైతే అంకుల్ అన్నా నేనేననుకున్నాడు!

జూన్ 14, శనివారం

వాట్సాప్ తీసేద్దామనుకుంటున్నానని మావారితో చెప్పాను. "పిన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా, అకౌంటే తీసేయడమెందుకు?" అన్నారు. ఆయన చెప్పింది కరెక్టే. నేను ముందే పిన్ పెట్టుకుని ఉంటే, ఆరంకెల కోడ్ చేతికొచ్చినా వాడు లోపలికి రాగలిగేవాడు కాదు. తెలిసినవాళ్లందరికీ ఈ వారమంతా అదే చెబుతున్నాను, పిన్ పెట్టుకోండి, కోడ్ కన్నతల్లి అడిగినా ఇవ్వకండి అని. కానీ పిన్ దొంగకి వేసే తాళం. పెదనాన్నకీ నాకూ మధ్య పడ్డ తాళం ఆ పిన్‌తో తెరుచుకోదు.

జూన్ 17, మంగళవారం

ఏడు రోజులయ్యాయి. రాత్రి తెరుచుకుంది. ఆగి ఉన్న మెసేజులన్నీ ఒక్కసారిగా దిగుతుంటే ఫోన్ చేతిలో వణికింది. ముందు నా పిన్ పెట్టాను. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి ఏదీ లేదని చూసుకున్నాను. ప్రతి గ్రూపులోనూ ఒకే మాట రాశాను: పదో తారీకున నా పేరుతో డబ్బడిగింది నేను కాదు, ఎవరైనా పంపి ఉంటే నాకు ఫోన్ చేయండి, 1930కి కూడా చేయండి. వాడు నా పేరుతో రాసినవి నా ఫోన్లో ఒక్కటీ లేవు. నేనేం అడిగానో తెలుసుకోవాలంటే పక్కవాళ్ల ఫోన్లు చూడాలి.

జూన్ 20, శుక్రవారం

తీసేయడం అంటే గుర్తు మీద వేలు పెట్టి అన్‌ఇన్‌స్టాల్ కొట్టడమని ఇన్నాళ్లూ అనుకున్నాను. అలా కొడితే ఫోన్లోంచి యాప్ పోతుందంతే. అకౌంటు అలాగే ఉంటుంది, గ్రూపుల్లో పేరుంటుంది, డీపీ కనబడుతుంది. ఎవరన్నా రాస్తే ఒక్క టిక్కు పడి ఆగుతుంది, పాపం వాళ్లు జవాబు కోసం చూస్తూ కూర్చుంటారు. ముందు లోపల అకౌంటు తీసేసి, తర్వాతే యాప్ తీయాలి.

దానికన్నా ముందు సర్దుకోవాల్సినవి ఉన్నాయి. పెద్దాడి స్కూలు గ్రూపులో నా బదులు మావారి నంబరు చేర్పించాను. షాపు ఓనరుకి చెప్పాను, స్టాకు లిస్టులు ఇకనుంచి మెయిల్‌కి పంపమని. మొహం కాస్త ముడిచాడు గానీ సరేనన్నాడు. జనవరిలో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందించే మన మిత్ర వచ్చాక కరెంటు బిల్లు దాంట్లోనే కడుతున్నాను. సర్టిఫికెట్లక్కూడా అందులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక సచివాలయానికి నడవాలి. అది నాకు నిజంగా లోటే. దుబాయ్‌లో ఉన్న ఆడపడుచు "వీడియో కాల్ ఎలా వదినా?" అంది. ఆయన ఫోన్లో మాట్లాడుకుందాం అన్నాను.

రాత్రి పెదనాన్నతో చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆడియోలతో సహా నా మెయిల్‌కి పంపుకున్నాను. ఆయన టైపు చేయడు, వాయిస్ పంపుతాడు. ప్రతిదీ "హలో... వినపడుతోందా అమ్మా?" అని మొదలై, నా జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతుంది. అవతల మనిషి ఉన్నట్టే ఆగుతాడు. ఆ తర్వాతే విషయం చెబుతాడు. నలభై రెండు ఉన్నాయి. ఏడు నేను విననే లేదు. చుక్క ఇంకా రంగు మారలేదు. ఈరోజు విన్నాను. ఒకదాంట్లో మా చిన్నప్పటి ముర్రా గేదె దూడ మనవరాలు ఈనిందట. అది మార్చి నాటిది.

జూన్ 22, ఆదివారం

పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. సెట్టింగ్స్, అకౌంట్, డిలీట్ అకౌంట్. ఏమేం పోతాయో చెప్పింది. గ్రూపులన్నిట్లోంచీ పేరు పోతుంది. ఫోన్లో ఉన్న మాటలూ, దాచిన బ్యాకప్పూ పోతాయి. +91 వేసి నా నంబరు నేనే కొట్టాలి. ఎందుకు వెళ్తున్నారని ఒక జాబితా ఇచ్చింది. నా కారణం అందులో లేదు. ఖాళీగా వదిలేశాను. చివర ఎర్ర బటన్. ఒకసారి నొక్కాక వెనక్కి రాదు. అదే నంబరుతో మళ్లీ చేరినా కొత్త మనిషిగానే చేరాలి. నొక్కాను. తర్వాత ఆకుపచ్చ గుర్తు మీద వేలు అదిమిపట్టి యాప్ తీసేశాను.

వాళ్ల దగ్గరున్న నా వివరాలు పూర్తిగా చెరగడానికి 90 రోజుల దాకా పట్టొచ్చట. అంటే దసరా నవరాత్రులు రెండ్రోజుల్లో ఉన్నాయనగా. ఇతరులకి నేను పంపినవి మాత్రం వాళ్ల ఫోన్లలోనే ఉంటాయి. నేను పంపనివి కూడా.

జూన్ 29, ఆదివారం

ఊరెళ్లి పదిహేను వేలూ పెదనాన్న చేతిలో పెట్టాను. వద్దన్నాడు. పోలీసులు ఆ డబ్బు తెస్తే నాకిచ్చెయ్, అప్పుడు తీసుకుంటానన్నాను. లెక్కపెట్టి బీరువాలో పాసుపుస్తకం మధ్యన పెట్టాడు. పెద్దమ్మ గోరింటాకు రుబ్బి ఉంచింది, ఆషాఢం కదా, కుడిచెయ్యి పండింది.

బయల్దేరుతుంటే ఫోన్ చూపించి "ఈ బొమ్మ పోయిందేమ్మా?" అన్నాడు. చాట్ అలాగే ఉంది. ఆకుపచ్చ చీర ఉన్న చోట బూడిదరంగు మనిషి ఆకారం. దానికింద ఆ అంకుల్ మెసేజ్. చెరిపెయ్యమంటావా అన్నాడు. కేసు తేలేదాకా ఉంచమన్నాను. బొమ్మ ఇక రాదనీ, కావాలంటే మామూలు ఫోనే చేయాలనీ చెప్పాను. షాపులో ఉన్నా సరే, చెయ్ అన్నాను. షాపు ల్యాండ్‌లైన్ నంబరు కూడా పాసుపుస్తకం అట్ట వెనకాల పెద్ద అంకెల్లో రాసిచ్చాను.

జూన్ 30, సోమవారం

పొద్దున ఐదుంపావుకి ఫోన్ మోగింది. "హలో... వినపడుతోందా అమ్మా?" అని ఆగాడు.

వినపడుతోంది పెదనాన్నా, చెప్పు అన్నాను.

నారుమడిలో స్వర్ణ మొలక బాగానే వచ్చిందట. కాలవ నీళ్లు మాత్రం ఇంకా శివారుకి ఎక్కలేదట.