అల్పపీడనం వేళ మా ఇంట

నవంబరు వచ్చిందంటే దివిసీమలోని మా ఇంట మగ్రిబ్ నమాజు తర్వాత ఒకటే చర్చ: బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం తుఫానుగా మారుతుందా, లేదా? అప్పటికి చేలో వరి కోతకు వచ్చి ఉంటుంది. కనుక అది మాకు కాలక్షేపపు ప్రశ్న కాదు.

ఒక ఏడాది కోత పూర్తయి, పనలు చేలో ఆరుతుండగా అల్పపీడనం వార్త వచ్చింది. తమ్ముడు ఫోనులో ఉపగ్రహ చిత్రాలు చూసి, తుఫాను తప్పదన్నాడు. చిన్నాన్న, అది తమిళనాడు వైపు మళ్లుతుందన్నారు. మేమూ చదివినదంతా చెప్పాము. అల్పపీడనం వాయుగుండమై, తీవ్ర వాయుగుండమై, గాలివేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను. సముద్రం ఎంత వేడిగా ఉన్నా, ఎత్తున వీచే బలమైన గాలులు మేఘాలను చెదరగొడితే అది మధ్యలోనే నీరసిస్తుంది.

అంతవరకు మౌనంగా ఉన్న దాదీమా తస్బీహ్ పక్కన పెట్టింది. "1977లోనూ మనవాళ్లు ఈ అరుగు మీదే ఇలా వాదించుకున్నారు. వాదన తేలకముందే ఉప్పెన వచ్చింది. రేపే కుప్ప వేయండి" అన్నది. నవంబరు 19 నాటి ఆ ఉప్పెనలో ఆమె తన చెల్లెలిని పోగొట్టుకున్నది.

ఎక్కువ కూలి ఇచ్చి, సగం ఆరిన పనలనే కుప్ప వేశాము. అల్పపీడనం సముద్రంలోనే బలహీనపడింది. నాలుగు చినుకులు రాలాయి. కుప్పలో గింజ రంగు మారి ధర తగ్గింది. ఇరుగుపొరుగు నవ్వారు. చిన్నాన్న చాలా రోజులు ముభావంగా ఉన్నారు. మాకూ మనసులో నొచ్చుకోలు లేకపోలేదు.

అప్పుడు హుద్‌హుద్ గుర్తుకు వచ్చింది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన తుఫానుకు ఒమన్ సూచించిన పేరది. ఖుర్ఆన్‌లో ఆ పక్షి సబా దేశపు వార్త తెచ్చినప్పుడు సులైమాన్ (అలైహిస్సలామ్) దానిని కొట్టివేయలేదు, విన్నంతనే నమ్మనూ లేదు. నిజం తేల్చుకోవడానికి వెంటనే లేఖ పంపారు. మేము చేసినదేమిటి? వార్త విని, చేయవలసిన పని వదిలి, ఊహలతో మూడు రాత్రులు గడిపాము. మొదటి రోజే పనలను తిరగేసి ఆరబెట్టి ఉంటే గింజ దక్కేది.

ఇప్పుడు కోతకు ముందే బరకాలు కొని ఉంచుతున్నాము. వాతావరణ శాఖ ప్రకటన మాత్రమే వింటున్నాము. నిర్ధారణ కాని సందేశాలను ఇతరులకు పంపడం మానుకున్నాము. తుఫాను వస్తుందో రాదో అల్లాహ్‌కే ఎరుక. అది తేలేలోగా మా చేతనైన పని మిగిలిపోకుండా చూసుకుంటున్నాము.