సూట్ గది డబ్బు ఎక్కడికి పోతుంది

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అట్లాంటిక్ దాటించే ఓడల్లో మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని మూడు లోకాలు ఉండేవి. ఒక తరగతి వాళ్లు ఇంకో తరగతి వాళ్ల భోజనశాల గడప తొక్కే వీలుండేది కాదు. జెట్ విమానాలు వచ్చాక ఆ ఓడలు మూలపడ్డాయి. తర్వాత కరీబియన్ దీవుల వైపు విహారానికే ఓడలు నడిపే కంపెనీలు పుట్టాయి: 1966లో నార్వేజియన్, 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్. వీటిలో తరగతులు లేవు. గది పెద్దదైనా చిన్నదైనా భోజనశాల ఒకటే, ఈతకొలను ఒకటే. పాత పద్ధతిని వదలనిది ఒక్క కునార్డ్. 2004లో బయల్దేరిన క్వీన్ మేరీ 2లో కూడా క్వీన్స్ గ్రిల్ గదుల వాళ్లకు ఒక భోజనశాల, ప్రిన్సెస్ గ్రిల్ వాళ్లకు ఇంకొకటి, మిగతా జనానికి బ్రిటానియా.

ఇప్పుడు చాలా కంపెనీలు కునార్డ్ దారికే వచ్చాయి. 2000ల మధ్యలో నార్వేజియన్ తన జ్యుయెల్ రకం ఓడల్లో కోర్ట్‌యార్డ్ విల్లాలు కట్టింది. తర్వాత వాటికే హేవెన్ అని పేరొచ్చింది. 2008లో ఎం.ఎస్.సి. ఫాంటేజియా ఓడలో యాట్ క్లబ్ మొదలైంది. 2016లో రాయల్ కరీబియన్ రాయల్ సూట్ క్లాస్ తెచ్చింది. 2018 చివర్లో వచ్చిన ఎడ్జ్ ఓడతో సెలబ్రిటీ తన సూట్ల వ్యవస్థను రిట్రీట్ అని పిలవడం మొదలుపెట్టింది. అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. అయిదారు వేలమంది ఎక్కే ఓడలో కొన్ని వందల మందికి వేరే తలుపు, వేరే లాంజ్, వేరే భోజనశాల, వేరే మనుషులు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశానికీ బ్రేక్ దర్శనానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. చూసే సముద్రం అందరికీ ఒకటే, తేడా అంతా చేరే దారిలో, నిలబడే చోట.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ ఓడలు కొత్త కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరా చూపించాక మిగిలేది మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో ఒక వారం ఓడ. పావగడ తాలూకా నుంచి వచ్చేవాళ్లకు ఇందులో ఒక విశేషం ఉంది. కర్ణాటకలో ఉన్నా మూడువైపులా ఆంధ్రే చుట్టుకున్న ఈ తాలూకాలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. ఇటు చెన్నైకైనా అటు మంగళూరికైనా సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకినిలో నీళ్లు పారితే చూడ్డానికి జనం పోయే కరువు సీమ. అలాంటి చోటి నుంచి వచ్చిన పెద్దలకు ఓడ ఎక్కించేటప్పుడు, ఒక్కసారికే కదా అని పిల్లలు సూట్ వైపు మొగ్గుతారు. ఆ ‘ఒక్కసారికే’ అన్న మాట మీదే కంపెనీల వ్యాపారం నడుస్తుంది.

సూట్ అన్న పేరు మీద ఆధారపడితే మోసపోయేది మొదట రాయల్ కరీబియన్‌లోనే. ఒయాసిస్, క్వాంటమ్, ఐకాన్ రకం ఓడల్లో సూట్లు మూడు మెట్లు: సీ, స్కై, స్టార్. జూనియర్ సూట్ సీ మెట్టులోకి వస్తుంది. దానికి కోస్టల్ కిచెన్ అనే ప్రత్యేక భోజనశాలలో రాత్రి భోజనం తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు, సూట్ లాంజ్‌లోకి కూడా రానివ్వరు. గ్రాండ్ సూట్ స్కై మెట్టు: మూడు పూటలా కోస్టల్ కిచెన్, లాంజ్, ఇంటర్నెట్. స్టార్ మెట్టు వాళ్లకు రాయల్ జీనీ అనే మనిషి తోడుంటాడు. మద్యం, విడిగా డబ్బు కట్టి తినాల్సిన భోజనశాలలు, టిప్పులు అన్నీ ధరలోనే. అదే కంపెనీవే అయినా పాత వాయేజర్ రకం ఓడల్లో ఈ మెట్లే లేవు. గ్రాండ్ సూట్ తీసుకుంటే ఒక చిన్న లాంజ్, అడిగినది చూసిపెట్టే ఒక ఉద్యోగి, అంతే. కాబట్టి ఒకే పేరున్న గదికి రెండు ఓడల్లో రెండు రకాల మర్యాద.

నార్వేజియన్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. ఒకప్పుడు మినీ సూట్ అన్న గదికే ఇప్పుడు క్లబ్ బాల్కనీ సూట్ అని పేరు మార్చారు. సూట్ అన్న మాట ఉన్నా అది హేవెన్ కాదు. హేవెన్‌లో ఇరవై నాలుగు గంటలూ బట్లర్, సొంత కొలను, పెద్ద ఓడల్లో సొంత భోజనశాల ఉంటాయి. 2022లో వచ్చిన ప్రైమాలో హేవెన్‌ను ఓడ వెనక భాగానికి మార్చి దానికంటూ లిఫ్టులు కట్టారు.

ధరకు తగ్గ ఫలం ఎక్కువ దొరికేది యాట్ క్లబ్‌లోనే అని చెప్పవచ్చు. ఎం.ఎస్.సి. ఓడల్లో మామూలు గదుల సేవ మీద ఫిర్యాదులు తక్కువేమీ కాదు. కానీ యాట్ క్లబ్ తలుపు దాటితే అది వేరే కంపెనీ అన్నట్టుంటుంది. బట్లర్, ముందు భాగంలో ఎత్తయిన అద్దాల లాంజ్, సొంత భోజనశాల, సొంత కొలను, ఓడంతటా చెల్లే పానీయాలు, ఇంటర్నెట్. పైగా కొన్ని ఓడల్లో కిటికీ లేని లోపలి గదులు కూడా యాట్ క్లబ్‌లో ఉన్నాయి. గదిలో సముద్రం కనపడదు గానీ మర్యాదలన్నీ అవే, ధర మాత్రం బాగా తక్కువ. పగలంతా లాంజ్‌లోనో కొలను దగ్గరో గడిపేవాళ్లకు ఇంతకన్నా తెలివైన కొనుగోలు పెద్ద ఓడల్లో లేదు. ఒకటే ఇబ్బంది, యాట్ క్లబ్ ఉండేది ఓడ ముక్కు వైపు, పై అంతస్తుల్లో. గాలి రేగినప్పుడు ఊపు ఎక్కువ తెలిసేది అక్కడే. వాంతుల భయం ఉన్నవాళ్లకు ఓడ నడిమి భాగంలో కింది అంతస్తు గదే క్షేమం, అది ఎంత చవకదైనా సరే.

సెలబ్రిటీ రిట్రీట్‌లో స్కై సూట్ నుంచి పైకి అందరికీ లుమినే భోజనశాల, పానీయాలు, ఇంటర్నెట్ వస్తాయి. వంట బాగుంటుందని పేరు. కార్నివాల్‌లో సూట్ అంటే పెద్ద గది, ముందుగా ఓడ ఎక్కడం, అంతే. 2021 నుంచి వచ్చిన మార్డి గ్రా లాంటి ఓడల్లో ఎక్సెల్ సూట్ల వాళ్లకు లాఫ్ట్ 19 అనే ఎండ మేడ ఒకటి అదనం. డిస్నీ ఓడల్లో సూట్ల విభాగమైన కన్సియర్జ్ ధర చూశాక మాట్లాడాల్సింది ఇంకేమీ ఉండదు, అంత ఎక్కువ.

అసలు లెక్క ఇక్కడి నుంచి. సూట్ ధరలో కలిపేసినవాటిని విడదీసి చూడాలి. ఏడు రాత్రుల ప్రయాణానికి ఒక మనిషికి అంకెలు ఇలా అనుకుందాం: పానీయాల ప్యాకేజీ రోజుకు 80 డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీసు, వెరసి 660. ఇంటర్నెట్ రోజుకు 20 చొప్పున 140. టిప్పు రోజుకు 20 చొప్పున 140. విడి భోజనశాలలో రెండు రాత్రులు, 120. అన్నీ కలిపితే 1,060 డాలర్లు. బాల్కనీ గది కన్నా సూట్ వెయ్యి డాలర్లు ఎక్కువైతే, తాగేవాడికి సూట్ ఉచితంగా వచ్చినట్టే. తాగని మనిషికి ఆ 660 తీసేస్తే మిగిలేది 400. అంటే ఆరు వందల డాలర్లు ఎవరో తాగిన దానికి కట్టినట్టు. మన పెద్దల్లో చాలామందికి ఓడలో కావాల్సింది వేడి కాఫీ, మజ్జిగ. ఇద్దరు పెద్దలకు సూట్ తీసుకున్న కొడుకు కట్టే అదనపు డబ్బులో సగానికి పైన పోయేది ఆ పెద్దలు వాసన కూడా చూడని సీసాలకే.

తిండి సంగతిలో సూట్ మేలుకన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. ప్రత్యేక భోజనశాలల్లో వంటకాల పట్టిక చిన్నది. చేపలు, దూడ మాంసం, పుట్టగొడుగులు చక్కగా వండుతారు గానీ, శనివారం మాంసం ముట్టని ఇంటివాళ్లకు మిగిలేది రెండు సలాడ్లు, ఒక పాస్తా. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత శనిమహాత్ముడి గుడి ఉన్న పావగడ వాళ్లకు వేరే వివరించక్కర్లేదు. అదే పెద్ద భోజనశాలలో ముందురోజు రాత్రి హెడ్ వెయిటర్‌కు చెప్పిపెడితే పప్పు, కూర, అన్నం, రొట్టె మరుసటి రోజు బల్ల మీదికి వస్తాయి. వంటింట్లో భారతీయులు చాలామందే ఉంటారు. రాయల్ కరీబియన్ బఫేలోనూ భారతీయ కూరలు కనిపిస్తాయి. రాగిసంగటి, ఊరిబిండి మాత్రం ఏ మెట్టు సూట్‌లోనూ దొరకవు.

బట్లర్ కూడా అంతే. పరాయి మనిషి వచ్చి పెట్టె విప్పి బట్టలు సర్దుతానంటే మన అవ్వలు తాతలు సిగ్గుతో బిగుసుకుపోతారు. రోజుకోసారి కాఫీ తెప్పించుకోవడానికి తప్ప అతణ్ని పిలవరు. కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్ల విషయం వేరు. ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తేనే 5,610 మంది, పూర్తిగా నిండితే 7,600 మంది, సిబ్బంది సుమారు 2,350. అంత జనంలో క్యూలో నిలబడటం, లిఫ్టు కోసం కాచుకోవడం, భోజనానికి ఓడ ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం పెద్దవాళ్లను నిజంగా అలసగొడతాయి. హేవెన్‌లోనూ యాట్ క్లబ్‌లోనూ గది, భోజనశాల, లాంజ్, కొలను అన్నీ ఒకేచోట దగ్గరగా ఉంటాయి. దిగేటప్పుడు కూడా ఒక మనిషి వెంట వచ్చి దారి చూపిస్తాడు. సూట్ ధరలో పూర్తిగా సమర్థించదగిన భాగం ఏదైనా ఉంటే ఇదే.

స్థలం కోసమే సూట్ అనుకునేవాళ్లు కొలతలు చూడాలి. ఒయాసిస్ రకం ఓడల్లో మామూలు బాల్కనీ గది 182 చదరపు అడుగులు. జూనియర్ సూట్ 287, గ్రాండ్ సూట్ 371. పక్కపక్కన రెండు బాల్కనీ గదులు తీసుకుంటే 364 అడుగులు, అంటే గ్రాండ్ సూట్‌కు దాదాపు సమానం. అందులో రెండు మరుగుదొడ్లు, రెండు తలుపులు. మూడు తరాల కుటుంబానికి రెండో మరుగుదొడ్డి ముందు జీనీ, బట్లర్, లాంజ్ ఏవీ నిలవవు. రెండు బాల్కనీల మధ్య అడ్డు తీయించమని గది చూసే మనిషిని అడిగితే చాలా ఓడల్లో తీసిపెడతారు.

చిన్న విలాస నౌకల లెక్క వేరు. సిల్వర్‌సీలో ప్రతి గదీ సూటే, ప్రతి సూట్‌కూ బట్లరే. రీజెంట్‌లో రేవుల్లో దిగి చూసే యాత్రలు కూడా చాలావరకు ధరలోనే. 2016లో వచ్చిన సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రయాణికులు సుమారు 750, సిబ్బంది సుమారు 550. పెద్ద ఓడలో స్టార్ మెట్టు సూట్‌కు పెట్టే డబ్బుకు కొంచెం కలిపితే ఇక్కడ గది వస్తుంది. నిజంగా సేవ కావాలనుకునేవాళ్లు అప్పుడు ఇటే రావాలి. పిల్లలకు మాత్రం అక్కడ తోచదు.

అమెరికా దాకా రాలేని పెద్దలకు దగ్గరి దారులున్నాయి. 2022 జూన్ నుంచి సింగపూర్ కేంద్రంగా నడుస్తున్న జెంటింగ్ డ్రీమ్‌లో ప్యాలెస్ అనే సూట్ల విభాగం ఉంది. బట్లర్లు, సొంత కొలను, సొంత భోజనశాల హేవెన్ తరహాలోనే. జైన, శాకాహార వంటలు అక్కడ మామూలే. చెన్నై, ముంబయి, విశాఖ రేవుల నుంచి తిరిగిన కార్డీలియా వారి ఎంప్రెస్ 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన ఓడ. అప్పటి ఓడల్లో బాల్కనీలు తక్కువ కాబట్టి సూట్ అంటే ముఖ్యంగా బాల్కనీకి కట్టే ధర. అందులో తిండికి మాత్రం వెతుక్కోనవసరం లేదు.

డబ్బు విలువ ఊరి లెక్కలో చూస్తే ఇంకో రకంగా కనిపిస్తుంది. పావగడ తాలూకాలో తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల అయిదు ఊళ్ల రైతులు 2,050 మెగావాట్ల సోలార్ పార్కుకు సుమారు 13,000 ఎకరాలు కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. ఇప్పటి మారకంలో అది 250 డాలర్లకు అటూ ఇటూ. స్టార్ మెట్టు సూట్‌లో ఒక మనిషికి ఒక్క రాత్రికి కూడా అది చాలదు. మిగతా గదుల వాళ్లు ఇచ్చే రోజువారీ టిప్పే ఎకరా నెల కౌలు దగ్గరికి వస్తుంది. సూట్లకు ఆ టిప్పు ఇంకో రెండు నుంచి అయిదు డాలర్లు ఎక్కువ. బట్లర్‌కూ జీనీకీ చేతికి వేరే ఇవ్వడం ఆనవాయితీ.

ధర తగ్గించుకోవాలంటే వేలం ఒక మార్గం. బాల్కనీ గది కొన్నాక, బయల్దేరే ముందు రోజుల్లో పై గదికి ఇంత ఇస్తామని పాడమంటూ కంపెనీ నుంచి ఈమెయిల్ వస్తుంది. అక్కడ చూపే అంకె ఒక్క మనిషిది, గదిది కాదు. పాట ఖరారైతే వెనక్కి తీసుకునే వీలు లేదు. ఏ దారిన కొన్నా, డబ్బు కట్టేముందు ఏజెంటు దగ్గర ఓడ పేరు, గది రకం, అది ఏ మెట్టులోకి వస్తుందో, ధరలో కలిసినవి ఏవో రాతలో తీసుకోండి. సూట్ అన్న మాట ఒక్కటే చూసి కట్టకండి.