ఆరుగురితో మొదలైంది... ఊరూరా వెలిసింది!

షికాగో నుంచి నైరుతి దిక్కుగా అరవై కిలోమీటర్లు దాటితే జోలియెట్ వస్తుంది. లోకల్ రైలెక్కితే గంటా గంటంబావు ప్రయాణం. సున్నపురాయి గనులూ ఉక్కు మిల్లులతో ఎదిగిన ఊరది. ఇక్కడికొచ్చే పర్యటకులు ముందుగా చూసేది పాత జైలు. 1858లో మొదలై 2002లో మూతపడ్డ ఆ రాతి కట్టడాన్ని ఇప్పుడు టికెట్ తీసుకుని చూసిరావచ్చు. ఊరి నడుమ అలాంటి రాతి గోడలతోనే కోటలా కనిపించే మరో భవనం ఉంది. దాని ముందు ఆగి ఫొటోలు దిగేవాళ్లు తక్కువే. అదో హైస్కూలు. కానీ అమెరికాలో ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్న కమ్యూనిటీ కాలేజీల కథ మొదలైంది ఆ బడిలోనే!

ఇంటి దగ్గరే రెండేళ్లు

అప్పట్లో కాలేజీ చదువంటే ఊరు విడిచి వెళ్లాల్సిందే. ఫీజు, బస, భోజనం... మిల్లులో పనిచేసే తండ్రికి అది తలకు మించిన భారం. పైగా పెద్దపిల్లల సంపాదన ఇంటికి అవసరమయ్యేది. హైస్కూలు పూర్తిచేసిన పిల్లల్లో చదవాలని ఉన్నా ఊరు దాటలేనివారు ఎందరో. జోలియెట్ టౌన్‌షిప్ హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ మనసులో మెదిలింది వాళ్ల సంగతే.

షికాగో విశ్వవిద్యాలయం తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్‌ ఆలోచన అందుకు కలిసొచ్చింది. నాలుగేళ్ల డిగ్రీని రెండు ముక్కలుగా చూడాలన్నది ఆయన వాదన. మొదటి రెండేళ్లూ పునాది చదువు, తర్వాతి రెండేళ్లూ లోతైన చదువు. ఆ పునాదేదో విశ్వవిద్యాలయంలోనే పడాలని ఏముంది? సొంతూళ్లో చెబితే తప్పేంటి? ఇద్దరూ కలిసి 1901లో ఆ ప్రయోగానికి శ్రీకారం చుట్టారు. హైస్కూలు అయ్యాక అదే బడిలో మరో రెండేళ్లు కాలేజీ పాఠాలు చెప్పడం, ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో నేరుగా పై చదువులో చేరేలా చూడటం... ఇదీ పథకం.

చేరింది ఎందరో తెలుసా? ఆరుగురు! అయినా బ్రౌన్ వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాదే బడి పాలకమండలి ఈ తరగతులకు ఆమోదముద్ర వేసి, ఫీజు లేకుండా చెప్పాలని నిర్ణయించింది. 1916 నాటికి 'జూనియర్ కాలేజీ' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ రెండేళ్ల కాలేజీల్లో అమెరికా మొత్తమ్మీద ఇదే పాతది.

పేరు ఒకటే... చదువు వేరు

జూనియర్ కాలేజీ అనగానే మనకు గుర్తొచ్చేది ఇంటర్మీడియట్. పదో తరగతి తర్వాత రెండేళ్లు. జోలియెట్‌లో లెక్క వేరు. అక్కడ పన్నెండో తరగతి ముగిశాకే ఈ రెండేళ్లు. అంటే మన డిగ్రీ మొదటి రెండేళ్లకు సమానం. పూర్తిచేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దాంతో ఉద్యోగంలో చేరొచ్చు, లేదా విశ్వవిద్యాలయానికి మారి మిగతా చదువు పూర్తిచేయొచ్చు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఈ కాలేజీల దశ తిరిగింది. మాజీ సైనికుల చదువు ఖర్చు భరించేలా అమెరికా 1944లో చట్టం చేసింది. దాంతో లక్షలమంది తరగతి గదుల బాట పట్టారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం, చదువు గడప దగ్గరికే రావాలంటూ ఇలాంటి కాలేజీలను దేశమంతటా పెట్టాలని సిఫారసు చేసింది. 'కమ్యూనిటీ కాలేజీ' అన్న మాట జనం నోళ్లలో నానింది అప్పటి నుంచే.

అన్నేళ్లూ హైస్కూలు నీడలోనే ఉన్న జోలియెట్ కాలేజీ 1967లో వేరుపడి సొంత పాలకమండలిని ఏర్పరచుకుంది. ఊరికి పడమటి అంచున హూబోల్ట్ రోడ్డులో ప్రాంగణం వెలిసింది.

మిల్లులు మూతపడ్డ వేళ

కాలేజీకి సొంత గూడు దొరికింది కానీ, ఊరికి కష్టకాలం ముంచుకొచ్చింది. ఉక్కు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1980ల ఆరంభంలో జోలియెట్‌లో పనిచేయగలిగినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు. నలభై ఏళ్ల వయసులో కొత్త పని నేర్చుకోవాల్సి వస్తే ఎక్కడికెళ్లాలి? పిల్లల్నీ ఇంటినీ వదిలి నాలుగేళ్లు చదవడం ఎవరికి సాధ్యం? ఇలాంటి వారికి ఊళ్లో కాలేజీ ఉండటమే పెద్ద ఆసరా.

ఇప్పుడు హూబోల్ట్ రోడ్డు ప్రాంగణానికి వెళ్తే అందరూ ఒకే ఈడువాళ్లు కనిపించరు. హైస్కూలు దాటిన కుర్రాళ్లతో పాటు డ్యూటీ దిగి వచ్చేవాళ్లూ పిల్లల తల్లులూ ఉంటారు. ఎవరి ఇంటి నుంచి వాళ్లు వచ్చిపోయేవాళ్లే, హాస్టళ్లు లేవు. నర్సింగ్, వాహనాల మరమ్మతు, తోటపని, వ్యవసాయం... ఇలా చేతికి పని నేర్పే చదువులు ఎన్నో. వంట విద్యకైతే ఊరి నడిబొడ్డునే ఆరంతస్తుల భవనం ఉంది. 2017లో తెరిచిన అందులో వంటగదులే తరగతి గదులు.

అందరూ గట్టెక్కుతున్నారా?

ఇంత మంచి ఆలోచన కదా, అనుకున్నంతా జరిగిందా అంటే... లేదు. అమెరికా మొత్తంగా చూస్తే, కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో చాలామంది కోరిక ఏనాటికైనా బ్యాచిలర్ డిగ్రీ సాధించాలనే. కానీ విశ్వవిద్యాలయానికి మారగలుగుతున్నది మూడోవంతు మంది. ఆరేళ్లలో ఆ డిగ్రీ చేతికి అందుకుంటున్నది సుమారు ఆరుగురిలో ఒక్కరే. కారణాలు తెలియనివి కావు. పగలు ఉద్యోగం, ఇంట్లో బాధ్యతలు, మధ్యలో డబ్బుకు కటకట. ఇక్కడ చదివిన కొన్ని సబ్జెక్టులను పై విశ్వవిద్యాలయాలు లెక్కలోకి తీసుకోకపోవడం మరో చిక్కు. అప్పుడు అదే పాఠానికి మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ చదవాలి.

ఈ బాట మన దేశానికీ వచ్చింది. 1995లో పుదుచ్చేరిలో, 1996లో చెన్నైలో కమ్యూనిటీ కాలేజీలు మొదలయ్యాయి. 2013లో యూజీసీ ఈ పేరుతో ఓ పథకాన్నే తెచ్చింది. అయితే తలుపు తెరిచి రమ్మనడంతో పని పూర్తికాదన్నది జోలియెట్ చెప్పే పాఠం. లోపలికి వచ్చిన విద్యార్థి పై మెట్టు ఎక్కేదాకా తోడుండాలి. 1901లో బ్రౌన్ ఆ ఆరుగురినీ చేర్చుకునే ముందే పై చదువుకు దారి చూసిపెట్టాడు. సంఖ్య లక్షలకు చేరిన చోట కష్టమవుతున్నది సరిగ్గా ఆ పనే.