‘సిల్కు’ అన్న తిట్టు

అమెరికా పాటల్లో నల్లజాతి స్త్రీని కోరిక నిండిన దేహంగానే చూపడాన్ని బెల్ హుక్స్ ‘బ్లాక్ లుక్స్’ (1992)లో నిలదీసింది. అది చదివితే నాకు సిల్క్ స్మితే గుర్తొచ్చింది.

ఏలూరు దగ్గరి కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి నాలుగో తరగతితో బడి మానేసింది. మద్రాసులో తారల మొహాలకు టచప్ చేసింది. 1980లో ‘వండిచక్కరం’ పాత్ర పేరే ఆమె పేరైంది. తర్వాత ఆ చామనఛాయకు ఎక్కువగా దక్కింది క్లబ్బు పాటలే. 1996లో, 35 ఏళ్ళకే చనిపోయింది.

ఆమె పోయాక కూడా మా ఆస్పరిలో, పత్తి చేలో ఎండకు కమిలిన పిల్ల గట్టిగా నవ్వితే ‘సిల్కు’ అనేవాళ్ళు. నన్నూ అన్నారు. ఇక్కడ నలుపు ఎండదీ, కూలిదీ, కులానిదీ. తెల్లటి హీరోయిన్ వానలో ఆడితే ప్రేమ, నల్లటామె ఆడితే పిలుపు.

సినిమా పాట గురించి రాసేటప్పుడు మనం సాహిత్యం, రాగం దగ్గరే ఆగిపోతున్నాం. ఆ పాట విన్నవాళ్ళు వీధిలో ఏ ఆడపిల్లను ఏమంటున్నారో కూడా మన విమర్శలోకి రావాలి.