ఒక మంచి క్రైమ్ నవల చెప్పవా?

ఆఫీసులో నాకో పార్ట్ టైం ఉద్యోగం ఉంది. జీతం లేదు, హైక్ అంతకంటే లేదు. లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, ఎవరో ఒకరు నా డెస్క్ దగ్గరికొచ్చి "బాసూ, ట్రైన్లో చదువుకోడానికి ఒక మంచి క్రైమ్ నవల చెప్పు" అంటారు. నాకు కావలసిందీ అదే. చేతిలో ఉన్న టికెట్ పక్కన పడేసి మొదలెడతాను.

ఈ జబ్బు నాన్న నుంచి వచ్చింది. ఆయన కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చి, తాతయ్యకి కనబడకుండా క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవాడట. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు... ఇప్పటికీ పక్కింటివాళ్ళ కబుర్లు చెప్పినట్టే చెబుతాడు. అద్దె పుస్తకాలతో ఒకటే చిక్కు, చివరి పేజీలు చిరిగిపోయి ఉండేవి. "మరి హంతకుడెవరో ఎలా తెలిసేది?" అని అడిగితే "ఎవణ్ణో ఒకణ్ణి నేనే డిసైడ్ చేసి పడుకునేవాణ్ణి" అన్నాడు. (మా ప్రొడక్షన్ ఇష్యూల్లో రూట్ కాజ్ కూడా చాలాసార్లు ఇలాగే తేలుతుంది, అది వేరే సంగతి.)

కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది అగాథా క్రిస్టీనే. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'. దీని గురించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా పాపం తగులుతుంది. పూర్తయ్యాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి చూడండి, అన్నీ మన కళ్ళ ముందే ఉంటాయి. మనమే చూసుకోలేదు. బగ్గు ఎదురుగా ఉన్నా కోడ్ రివ్యూలో అప్రూవ్ కొట్టేసినట్టు.

మన జాతివాళ్ళకి, అంటే ఇంజనీర్లకి, నేను చెప్పేది మాత్రం జపాన్ రచయిత కీగో హిగాషినో. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం చేస్తూనే నవలలు రాశాడు. 1985లో ఎడొగావా రంపో బహుమతి వచ్చింది. ఆ తర్వాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. (ఇక్కడ అందరం ఒకసారి నిట్టూర్చుకుందాం.)

ఆయన 2005 నవల 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే తెలిసిపోతుంది. వేధిస్తున్న మాజీ భర్తని ఒకావిడ, ఆవిడ కూతురు కలిసి చంపేస్తారు. పక్క ఫ్లాట్లో ఉండే లెక్కల మాస్టారు దాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటాడు. ఒక లెక్కకి సమాధానం కనుక్కోవడం కష్టమా, ఇంకొకడిచ్చిన సమాధానం తప్పో ఒప్పో తేల్చడం కష్టమా అని ఇందులో ఒక చర్చ వస్తుంది. అవును, మనం బీటెక్‌లో బట్టీ పట్టి, పరీక్ష రాసి, మర్చిపోయిన పీ వర్సెస్ ఎన్‌పీయే! అది చదివి నేను రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాను.

ఈ పుస్తకాన్నే కిందటేడాది మా టీంలో టెస్టింగ్ చూసే ఒకావిడకి ఇచ్చాను. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అక్కా అనే పిలుస్తాను. సోమవారానికల్లా తిరిగిచ్చేసింది.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది. కానీ ఇందులో పోలీసులు బాగా తిరుగుతార్రా" అంది.

జోకనుకుని నవ్వేశాను. అప్పుడు చెప్పింది. 2019లో వాళ్ళ తమ్ముడు రాత్రిపూట బండి మీద ఇంటికొస్తుంటే హైవే మీద ఏదో వాహనం గుద్దేసి వెళ్ళిపోయిందట. ఎఫ్ఐఆర్ రాశారు. బండేదో, నడిపినవాడెవడో ఇంతవరకూ తెలీదు. వాళ్ళ నాన్న కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రెండేళ్ళు తిరిగి, ఒకరోజు మానేశాడట.

"ఆ భర్త ఎంత వెధవైనా కానీ, వాడి కోసం కూడా ఒక డిటెక్టివ్ ఇల్లిల్లూ తిరిగాడు కదా."

నా నోరు ఎండిపోయింది. "సారీ అక్కా, నాకు తెలీదు" అన్నాను.

"నువ్వెందుకు సారీ? ఇలాంటిదే ఇంకోటుంటే ఇవ్వు."

"మళ్ళీ ఇదే ఎందుకక్కా? ఏదైనా కామెడీ చూడొచ్చుగా."

"చివర్లో తేలిపోతుంది కదా. ఆ పది నిమిషాలు బాగుంటుంది."

ఆ రాత్రి అల్మరా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా ఈ నవలల్లో శవాల్ని నేను ఒక ఇన్‌పుట్ లాగానే చూశాను. శవం, ఆరుగురు అనుమానితులు, ఒక గడియారం... పజిల్ రెడీ. పోయినవాడికి ఒక అక్క ఉంటుందని తోచలేదు. (రాసినవాళ్ళక్కూడా చాలామందికి తోచినట్టు లేదు. క్రిస్టీ పాత్రలు లైబ్రరీలో శవాన్ని వదిలేసి టీ తాగగలరు.)

'అండ్ దెన్ దేర్ వర్ నన్' తీశాను. 1939 నాటిది. ఒక దీవిలో పదిమంది, ఒక్కొక్కరి వెనకా చట్టానికి దొరకని ఒక్కో చావు. ఇచ్చేద్దామని సంచిలో పెట్టుకోబోతూ ఆగిపోయాను. ఆ పదిమందిలో కారుతో ఇద్దరు పిల్లల్ని గుద్ది చంపినవాడొకడు ఉన్నాడు. దాన్ని తన దురదృష్టం అన్నట్టు మాట్లాడతాడు. ఈ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. వాడి పేరు గుర్తుంది, ఏ నంబరో గుర్తుంది, ఆ పిల్లలు మాత్రం గుర్తు లేరు.

తిరిగి అల్మరాలో పెట్టేశాను. మర్నాడు మళ్ళీ తీశాను. తనకేది మంచిదో నేను నిర్ణయించడమేమిటని అనిపించింది. కాంటీన్‌లో ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఇందులో కారుతో పిల్లల్ని గుద్దినవాడొకడున్నాడు. చదువుతావా?"

టీ కప్పు పక్కన పెట్టింది. "వాడికేమవుతుంది?"

సస్పెన్స్ చెప్పేసినవాళ్ళతో నేను నెలలు నెలలు మాట్లాడ్డం మానేసిన సందర్భాలున్నాయి. ఇది చదవనివాళ్ళు నన్ను క్షమించాలి.

"అందరికన్నా ముందు వాడే పోతాడక్కా" అన్నాను.

పుస్తకం తీసుకుని బ్యాగులో పెట్టుకుంది.